మడత చాకులో ఉల్క, మామత్ దంతం: ఏ పదార్థానికి ఏ పని

చేత్తో చేసిన మడత చాకును చూడగానే కన్ను ముందు పిడి మీదికే పోతుంది. ముత్యపు చిప్ప మెరుపు, వేల ఏళ్లు మంచులో పడి ఉన్న మామత్ (ఏనుగును పోలిన, అంతరించిన జంతువు) దంతం, ఆకాశం నుంచి రాలిన ఉల్క ముక్క, రంగులు మారే టైటానియం. చూసేవాళ్లకు ఇదంతా నగిషీ పనిలా అనిపిస్తుంది. అందమైన ముక్కను కోసి, లోహానికి అతికించి, నున్నగా రుద్దితే అయిపోతుందనుకుంటారు. మడవని కత్తి విషయంలో అది చాలావరకు నిజమే. మడత చాకు దగ్గరికి వచ్చేసరికి అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే మడత చాకు ఒక చిన్న యంత్రం. అందులో కదిలే భాగాలుంటాయి. వాటి మధ్య ఖాళీని మిల్లీమీటరులో వందో వంతుల్లో కొలుస్తారు. ఆ భాగాలకు ఆనుకునే మనం తేమకు ఉబ్బేదాన్నో, వేడికి పగిలేదాన్నో, సుత్తి దెబ్బకు చిట్లేదాన్నో తెచ్చిపెడుతున్నాం. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుంది? నాకు తెలిసినంతవరకు దీనికి ఒకటే జవాబు: చూడ్డానికి పెట్టిన పదార్థం చేత పని చేయించకూడదు. పని లోహానిది. అరుదైన పదార్థం ఆ లోహం మీద భద్రంగా కూర్చోవాలి. మంచి చేతిపనివాళ్లు తీసుకునే నిర్ణయాల్లో సగానికి పైగా ఈ ఒక్క సూత్రం నుంచి వచ్చినవే. అది ఎందుకో తెలియాలంటే ముందు చాకు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

లోపలి సంగతి

లాక్ లేని పాతకాలపు మడత చాకును స్లిప్‌జాయింట్ అంటారు. దాని పిడిలో రెండు పక్కలా పలచటి లోహపు రేకులుంటాయి, వీటి పేరు లైనర్లు. వాటి మధ్య ముందు వైపు బ్లేడు, వీపు వైపు పొడవాటి స్ప్రింగు ఉంటాయి. బ్లేడు ఒక ఇరుసు మీద తిరుగుతుంది. బ్లేడు మొదలును ఒక ప్రత్యేకమైన ఆకారంలో, చదునైన ముఖాలూ మూలలూ వచ్చేలా అరగదీస్తారు. చాకు తెరుస్తున్నప్పుడు ఆ మూల స్ప్రింగును పైకి ఎత్తుతుంది, చదును ముఖం వచ్చినప్పుడు స్ప్రింగు దాని మీదికి టక్కుమని దిగుతుంది. బ్లేడును తెరిచి ఉంచేది, మూసి ఉంచేది ఆ ఒత్తిడే.

చెప్పడానికి ఇంతే. చేయడానికి కూర్చుంటే చాకు తెరిచి ఉన్నా, మూసి ఉన్నా స్ప్రింగు వీపు లైనర్ల అంచుతో సమానంగా ఉండాలి. వేలితో నిమిరితే మెట్టు తగలకూడదు. బ్లేడు మొదలును ఆకురాయితో రెండు మూడు సార్లు ఎక్కువగా రుద్దినా ఆ లెక్క తప్పుతుంది. తీసిన లోహాన్ని తిరిగి పెట్టలేం. స్ప్రింగు మందం బ్లేడు మొదలు కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి, లేకపోతే రివెట్ (భాగాలను కలిపి పట్టే మేకు) బిగించగానే లైనర్లు బ్లేడును పట్టేస్తాయి. మరీ ఎక్కువైతే బ్లేడు పక్కలకు ఊగుతుంది. బ్లేడునూ స్ప్రింగునూ ఒకే ఉక్కుతో చేసినా ఇద్దరికీ ఒకే గట్టితనం పనికిరాదు. 1084 లాంటి సాదా కార్బన్ స్టీలును సుమారు 815 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి, నూనెలో ముంచి, 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తే, అంటే పెళుసుతనం తగ్గేలా మళ్లీ వేడి చేస్తే, గట్టితనాన్ని కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 60 దరిదాపుల్లో నిలుస్తుంది. పదును నిలబడడానికి అది బాగుంటుంది. అదే గట్టితనంతో స్ప్రింగు చేస్తే కొన్నాళ్లకు విరిగిపోతుంది. అందుకే స్ప్రింగును ఇంకా ఎక్కువ వేడిలో టెంపర్ చేసి 50 కంటే కిందికి తెస్తారు.

లాక్ ఉన్న చాకుల్లో కథ కొంచెం వేరు. 1980ల మొదట్లో అమెరికా చేతిపనివాడు మైకేల్ వాకర్ ఆధునిక లైనర్ లాక్‌ను తీర్చిదిద్దాడు. అందులో లైనర్‌నే కొంత మేర చీల్చి స్ప్రింగులా లోపలికి వంచుతారు. బ్లేడు తెరుచుకోగానే అది వెళ్లి బ్లేడు మడమకు, అంటే మొదలు వెనక అంచుకు, అడ్డంగా నిలబడుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లకు క్రిస్ రీవ్ అనే చాకుల తయారీదారు ఇంకో అడుగు ముందుకేసి, విడిగా లైనర్ అక్కర్లేకుండా టైటానియం పిడి పక్కనే లాక్‌గా మార్చాడు. దాన్ని ఇప్పుడు ఫ్రేమ్ లాక్ అంటున్నారు. ఈ రెండింటిలోనూ లాక్ ముఖం బ్లేడును తాకే కోణం ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తే చాలు, లాక్ జారిపోవడమో, తీయలేనంతగా బిగుసుకోవడమో జరుగుతుంది. జారిన లాక్ నేరుగా వేళ్ల మీదికి వస్తుంది కాబట్టి ఈ విషయంలో ఎవరూ రాజీ పడకూడదని నా గట్టి అభిప్రాయం.

పదార్థమే యంత్రం పని చేస్తే ఏమవుతుందో చూపించే చక్కటి ఉదాహరణ ఒపినెల్ చాకు. 1890ల్లో ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ రూపొందించిన ఈ చాకులో లైనర్లు లేవు. చెక్క పిడిలోనే గాడి తీసి బ్లేడును అందులో నిలిపారు. తిరిగే ఉంగరం లాక్ 1955లో వచ్చింది. తేలిక, సులువు, చవక, అన్నీ ఉన్నాయి. చెక్క తడిస్తే మాత్రం గాడి బిగుసుకుని బ్లేడు బయటికి రాదు. అప్పుడు పిడి చివరను గట్టి చోట తట్టి బ్లేడును కదిలించే అలవాటుకు ఫ్రెంచివాళ్లు సవోయ్ దెబ్బ అని పేరే పెట్టుకున్నారు. మామూలు చెక్క ఉన్న సాదా చాకుకు అది సర్దుకుపోదగ్గ ఇబ్బందే. అరుదైన దంతానికి ఆ దెబ్బ తట్టుకునే ఓపిక ఉండదు.

తేమ ఎంత కదిలిస్తుంది

చాలామంది వేడికి భయపడతారు. ఇక్కడ అంతకన్నా పెద్ద శత్రువు గాలిలో తేమ. లెక్క చూడండి. 20 మిల్లీమీటర్ల వెడల్పున్న ఉక్కు ముక్క 30 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 0.007 మిల్లీమీటర్లు సాగుతుంది. అంటే ఏమీ లేనట్టే. అదే వెడల్పున్న సాధారణ గట్టి చెక్కలో, నారకు అడ్డంగా, తేమ శాతం ఐదు పాయింట్లు మారితే పావు మిల్లీమీటరు దాకా తేడా వస్తుంది. ఉక్కు కదలికకు ఇది ముప్ఫై రెట్లకు పైమాటే. ఆ చెక్కను ఒక వైపు లోహానికి అతికించి, రెండో వైపు గాలికి వదిలేశాం. బయటి వైపు ఎండి కుంచించుకుంటుంది, లోపలి వైపు కదలలేదు. ఇక మిగిలిన దారులు రెండే: అతుకు ఊడడం, చెక్క పగలడం.

దీనికి చెక్కపనివాళ్లు కనిపెట్టిన మార్గం రెసిన్ (ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే బంక) పట్టించడం. ముందు చెక్కను నీరు మరిగే వేడికి కాస్త పైన, బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెడతారు. చల్లారాక పలచటి రెసిన్‌లో ముంచి, పాత్రలోంచి గాలి లాగేస్తారు. చెక్క రంధ్రాల్లోని గాలి బుడగలుగా బయటికి వస్తుంది. బుడగలు ఆగాక గాలిని తిరిగి వదిలితే ఆ ఒత్తిడికి రెసిన్ లోపలికి పోతుంది. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. రెసిన్ లోపలికి పోయేది ప్రధానంగా గాలి వదిలిన తర్వాతే కాబట్టి ముక్కను చాలాసేపు అందులోనే నానబెట్టాలి. తర్వాత 90 డిగ్రీల పైచిలుకు వేడిలో పెడితే రెసిన్ గట్టిపడుతుంది. శిలీంధ్రం పట్టి నల్లగీతలు తేలిన చెక్క, చేత్తో నలిపితే పొడి అయ్యే చెక్క కూడా ఇలా చాకు పిడికి పనికొస్తాయి. రోజ్‌వుడ్, ఎడారి ఐరన్‌వుడ్ లాంటి దట్టమైన నూనె చెక్కలు రెసిన్‌ను పీల్చుకోవు, వాటికి పెద్దగా అవసరం కూడా లేదు. రెసిన్ పట్టిన చెక్క అసలు కదలదని మాత్రం నమ్మకండి. తక్కువ కదులుతుంది, అంతే.

మామత్ దంతానికి ఈ తేమ గొడవ మరింత ఎక్కువ. సైబీరియా, అలాస్కాల శాశ్వత మంచులో పదివేల ఏళ్లకు పైగా గడిపిన దంతం బయటికి రాగానే ఎండడం మొదలవుతుంది. ఉల్లిపొరల్లా విడిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు దాన్ని పలకలుగా కోశాక వెంటనే వాడరు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి తమ పనిగదిలోనే ఉంచుతారు. వంకర తిరగాల్సినవి ఆ కాలంలోనే తిరిగిపోతాయి. బిగించేటప్పుడు స్క్రూ రంధ్రాన్ని కొంచెం వదులుగా వేస్తారు, జిగురు వాడితే గట్టిగా బండబారేది కాకుండా కొంచెం సాగేది ఎంచుకుంటారు. ఇంత శ్రమ ఎందుకంటే దాని అందం అలాంటిది. మట్టిలోని ఖనిజాలు వేల ఏళ్లపాటు ఇంకి దంతం పైపొరకు గోధుమ, ఆకుపచ్చ రంగులు పట్టిస్తాయి. వివియనైట్ అనే ఇనుప ఫాస్ఫేటు చేరిన చోట నీలం తేలుతుంది. ఆ నీలాన్ని కృత్రిమంగా ఎంత వేసినా ఆ లోతు రాదు.

దంతం గురించి మాట్లాడుతూ చట్టాన్ని పక్కన పెట్టలేం. ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ (ముప్పులో ఉన్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే దేశాల మధ్య ఒప్పందం) కింద 1989లో నిషేధించారు. మామత్ అంతరించిన జంతువు కాబట్టి ఆ జాబితాలో లేదు. రెండింటినీ వేరు చేయడానికి ఒక గుర్తుంది. దంతాన్ని అడ్డంగా కోస్తే ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నటి గీతలు కనిపిస్తాయి, వాటిని ష్రెగర్ గీతలంటారు. బయటి అంచు దగ్గర అవి కలిసే కోణం మామత్‌లో 90 డిగ్రీల లోపు, ఏనుగులో 115 డిగ్రీల పైన ఉంటుంది. అయితే చాకు పిడికి వాడే పలకను నిలువుగా కోస్తారు కాబట్టి పూర్తయిన చాకులో ఆ గీతలు చూసి తేల్చడం కష్టం. మామత్ పేరుతో ఏనుగు దంతం చలామణీ అవుతుందన్న భయంతో అమెరికాలో న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రాలు మామత్ దంతం అమ్మకాన్ని కూడా ఆపేశాయి. ఆ నిర్ణయంతో చేతిపనివాళ్లలో చాలామంది విభేదిస్తారు. బతికున్న ఏనుగు ముందు, అందం తర్వాత అన్నది నా మాట.

ఇలాంటి చిక్కే మిగతా వాటికీ ఉంది. ఒకప్పుడు ఇంగ్లండులోని షెఫీల్డ్ నుంచి జర్మనీలోని సోలింగెన్ దాకా చాకుల పిడులకు పేరున్న సాంబర్ జింక కొమ్ము ఎగుమతిని భారతదేశం ఆపేసింది. డాల్బర్జియా జాతి రోజ్‌వుడ్‌లన్నిటినీ 2017 జనవరి నుంచి సైటిస్ నియంత్రణలోకి తెచ్చారు. ముక్క కొనేటప్పుడే అది ఎక్కడిది, ఎప్పటిది అన్న కాగితం అడిగి తీసుకోవడం అలవాటు చేసుకోవాలి. చాకు ఇంకో దేశానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం లేకపోతే చేసిన పనంతా కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది.

ఉల్క: వేడి చేస్తే పోయే అందం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పదార్థం ఇదే, ఎక్కువ అపోహలున్నదీ ఇదే. ఉల్క ఇనుముతో చేసిన చాకు అనగానే బ్లేడే ఉల్క అనుకుంటాం. ఇనుప ఉల్కలో ప్రధానంగా ఇనుము, కొంత నికెల్ ఉంటాయి. నమీబియాలో దొరికిన గిబియన్, స్వీడన్‌లో దొరికిన ముయోనియోనలుస్తా, ఈ రెండింటిలోనూ నికెల్ 8 శాతం దాకా ఉంటుంది. వీటిని కోసి, నున్నగా రుద్ది, పలచటి ఆమ్లం పూస్తే ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే పట్టీల నమూనా తేలుతుంది. 1808లో దాన్ని గమనించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త పేరు మీద విడ్‌మాన్‌స్టాటెన్ నమూనా అంటారు. నికెల్ తక్కువున్న కామసైట్, ఎక్కువున్న టేనైట్ అనే రెండు లోహ స్ఫటికాలు వేరుపడడం వల్ల అది ఏర్పడింది. గ్రహశకలం గర్భంలో ఆ లోహం ఎంత నిదానంగా చల్లారిందంటే, కొన్ని వందల నుంచి కొన్ని వేల డిగ్రీలు తగ్గడానికి పది లక్షల ఏళ్లు పట్టింది. భూమి మీద ఏ కొలిమిలోనూ ఆ నమూనాను పుట్టించలేం.

పుట్టించలేం కానీ చెరిపేయడం చాలా తేలిక. కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చితే ఆ స్ఫటికాలు మళ్లీ కలిసిపోతాయి, నమూనా పోతుంది. పైగా ఉల్క ఇనుములో కార్బన్ లేనట్టే, కాబట్టి ఎంత కాల్చి నూనెలో ముంచినా పదును నిలిచే గట్టితనం రాదు. ఉల్కతో బ్లేడు చేయాలంటే దాన్ని కార్బన్ స్టీలుతో కలిపి కొట్టి అతకాలి. అప్పుడు అది ఉల్క నుంచి వచ్చిన లోహమే, దాని గీతల్లో మెరుపూ నికెల్ వల్ల వచ్చినదే. కానీ ఆకాశంలో ఏర్పడిన నమూనా మాత్రం అందులో మిగలదు. అమ్మేవాళ్లు ఈ తేడాను స్పష్టంగా చెప్పాలి.

ఉల్కను కొట్టడంలో కష్టం కొత్తదేమీ కాదు. 1621లో జలంధర్ దగ్గర ఉల్క పడింది. మొఘల్ చక్రవర్తి జహంగీర్ దాన్ని తెప్పించి, కత్తులు చేయమని ఉస్తాద్ దావూద్ అనే కమ్మరికి ఇచ్చాడు. సుత్తి కింద అది నిలవక ముక్కలైందని, అప్పుడు మూడు వంతుల ఉల్క ఇనుముకు ఒక వంతు మామూలు ఇనుము కలపమన్నానని జహంగీరే రాసుకున్నాడు. రెండు ఖడ్గాలు, ఒక బాకు, ఒక చాకు తయారయ్యాయి. వాటిలో ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. అంతకన్నా ఎంతో ముందు, ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామెన్ సమాధిలో దొరికిన ఇనుప బాకు కూడా ఉల్కదేనని 2016లో ఎక్స్‌రే పరీక్షలు తేల్చాయి.

ఇవాళ మడత చాకుల్లో ఉల్క ఎక్కువగా బోల్‌స్టర్‌గానో, పిడిలో పొదిగిన పలకగానో వస్తోంది. బోల్‌స్టర్ అంటే పిడి ముందు భాగంలో ఇరుసును కప్పే లోహపు కవచం. నీళ్లు పోస్తూ నిదానంగా కోసి, ఎర్రబడే వేడికి ఎక్కడా దగ్గరకు పోకుండా పని చేస్తే నమూనా నిలుస్తుంది. 300 డిగ్రీల లోపు వేడి చేసి రంగు తెప్పించవచ్చు కూడా. రెండు స్ఫటికాలూ వేర్వేరు వేగంతో రంగు పట్టుకుంటాయి కాబట్టి బంగారు రంగు పట్టీ పక్కన నీలం పట్టీ తేలుతుంది. చూసి తీరాల్సిన దృశ్యం అది.

తర్వాతి తలనొప్పి తుప్పు. ఉల్క నేలలో పడి ఉన్న కాలంలో క్లోరైడ్లు దాని పగుళ్లలోకి చేరతాయి. పైన ఎంత మెరిపించినా కొన్నాళ్లకు లోపలి నుంచి గోధుమ చుక్కలు పొడుచుకొస్తాయి. ఆమ్లం పూశాక దాన్ని పూర్తిగా తటస్థం చేసి, ఆల్కహాల్‌తో తేమ లాగి, సన్నటి వేడి మీద ఆరబెట్టి, వెంటనే మైనమో నూనెనో పట్టిస్తారు. స్టెయిన్‌లెస్ స్టీలునో టైటానియాన్నో ఆనుకుని ఉన్నప్పుడు మధ్యలో చెమట చేరితే తుప్పు ఇంకా వేగంగా పడుతుంది, ఎందుకంటే ఆ జతలో కరిగేది ఎప్పుడూ ఇనుమే. కాబట్టి ఇరుసు తిరిగే చోట బ్లేడు ఉల్కకు తగలకుండా మధ్యలో లైనర్, వాషర్ ఉండి తీరాలి. మొదట చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

సుత్తి దెబ్బ

పాత పద్ధతిలో చాకు భాగాలను రివెట్‌తో బిగిస్తారు. మేకు తలను చిన్న సుత్తితో తడుతూ ఉంటే అది ఉబ్బి రంధ్రాన్ని నింపుతుంది. లోహంలో, ఎముకలో, మంచి చెక్కలో ఇది బాగా పనిచేస్తుంది. ముత్యపు చిప్పలో మాత్రం ఒక్క దెబ్బ ఎక్కువైనా రంధ్రం నుంచి అంచు దాకా పగులు పోతుంది. విచిత్రమేమంటే చిప్ప సహజంగా బలహీనమైనది కాదు. అరగొనైట్ పలకలు, మధ్యలో పలచటి ప్రోటీన్ జిగురు, ఇలా ఇటుక గోడలా పేర్చి ఉండే నిర్మాణం దానిది. ప్రాణి ఒంటి మీద అది చాలా దెబ్బలు తట్టుకుంటుంది. రెండు మిల్లీమీటర్ల పలకగా కోసి, మధ్యలో రంధ్రం చేసి, ఆ రంధ్రాన్ని లోపలి నుంచి బయటికి తోసే మేకు పెట్టినప్పుడు ఆ నిర్మాణం ఏమీ చేయలేదు.

అందుకని చిప్పకు రంధ్రాన్ని మేకు కంటే కొంచెం పెద్దదిగా, పైకి వచ్చేకొద్దీ వెడల్పయ్యేలా చేస్తారు. మేకు తల ఆ గరాటులో పరుచుకుంటుంది తప్ప గోడలను తోయదు. చాలామంది అసలు ఆ జోలికే పోకుండా ఇరుసు రివెట్‌ను లోహపు బోల్‌స్టర్ గుండా పోనిచ్చి, చిప్పను జిగురుతోనో అతి చిన్న స్క్రూలతోనో మాత్రమే నిలుపుతారు. డ్రిల్లింగ్ నీటిలో ముంచే చేస్తారు, ఎందుకంటే వేడెక్కితే చిప్ప మసకబారి పొరలుగా లేస్తుంది.

రాయిగా మారిన డైనోసార్ ఎముక, శిలాజ పగడం, రకరకాల జాస్పర్ రాళ్లు ఇంకా పెళుసు. వాటిలో చాలావరకు సిలికా. ఆకురాయి వాటిని గీకలేదు, వజ్రపు పొడి పూసిన పరికరాలే కావాలి. వీటిని లోహంలో గుంట తీసి పొదగడమే మేలు. చుట్టూ లోహపు గట్టు ఉంటుంది కాబట్టి చాకు కింద పడినా మూల చిట్లదు.

కొత్త లోహాలు, కొత్త పొరలు

టైటానియం గురించి చెప్పకుండా ఇప్పటి మడత చాకు గురించి చెప్పలేం. తేలిక, తుప్పు పట్టదు, స్ప్రింగులా వంగి తిరిగి వస్తుంది. దాని మీద రంగులకు అద్దకంతో పనిలేదు. ద్రావణంలో ముంచి కరెంటు పంపితే ఉపరితలం మీద ఆక్సైడ్ పొర పెరుగుతుంది, ఆ పొర పైముఖం నుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చే కాంతి కిరణాలు కలిసి, పొర మందాన్ని బట్టి రంగు కనిపిస్తుంది. వోల్టేజి పెంచుతూ పోతే కంచు రంగు, ఊదా, నీలం, ఆ తర్వాత పసుపు, గులాబీ, చివరికి ఆకుపచ్చ వస్తాయి. గీత పడితే రంగు పోతుంది, మళ్లీ వేసుకోవచ్చు. టైటానియానికి ఉన్న లోపం ఇంకొకటి: గట్టి ఉక్కుతో రాసుకుంటే అంటుకున్నట్టు పట్టేస్తుంది. అందుకే లాక్ ముఖానికి కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం పూత వేస్తారు, లేదా అక్కడ ఉక్కు ముక్క బిగిస్తారు. రెండు రకాల టైటానియం మిశ్రమాలను పొరలుగా అతికి చేసే టైమాస్కస్‌ను వేడి చేస్తే ఒక్కో పొర ఒక్కో రంగు తేలుతుంది. జిర్కోనియం కాల్చితే నల్లటి గట్టి పొర ఇస్తుంది.

కార్బన్ ఫైబర్, గాజు దారాన్ని ఎపాక్సీలో నొక్కి చేసే జి10, గుడ్డను లేదా కాగితాన్ని రెసిన్‌లో నొక్కే మైకార్టా, ఇవి తేమకు దాదాపు కదలవు. పనిచేసే పదార్థాలుగా నేను నమ్మేవి ఇవే. మైకార్టా 1910 ప్రాంతంలో వెస్టింగ్‌హౌస్ సంస్థ విద్యుత్ పరికరాల కోసం తయారుచేసింది. కార్బన్ ఫైబర్‌ను అల్యూమినియానికి నేరుగా ఆనిస్తే తేమ తగిలినప్పుడు అల్యూమినియం తినేసుకుంటుంది, ఆ జతకు దూరంగా ఉండడం మంచిది. పైన్ కాయలు, సర్క్యూట్ బోర్డులు, కార్ల ఫ్యాక్టరీల్లో పెయింటు పొరలు పేరుకుని గట్టిపడిన ఫోర్డైట్, ఇలా రెసిన్‌లో పోతపోసేవి లెక్కలేనన్ని ఉన్నాయి. వీటన్నిటిలోనూ నిజంగా పని చేసేది రెసినే కాబట్టి విడివిడిగా చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు.

బ్లేడు విషయంలో నేను ప్రయోగాలకు అంత సుముఖంగా లేను. అక్కడ డమాస్కస్, అంటే రెండు రకాల ఉక్కును పొరలుగా అతికినది, దాకా చాలు. 1095 ఉక్కును, రెండు శాతం నికెల్ ఉన్న 15ఎన్20 ఉక్కునూ పేర్చి కొట్టి అతికితే, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచినప్పుడు మొదటిది నల్లబడుతుంది, నికెల్ ఉన్నది మెరుస్తూ మిగులుతుంది. మడత చాకులో దీనికీ ఒక చిక్కు ఉంది. ఆ ద్రావణం లోహాన్ని కొంచెం తింటుంది. బ్లేడు మొదలు దగ్గర కూడా తింటే ఇంతసేపు కష్టపడి కుదిర్చిన మందం పోయి బ్లేడు ఊగుతుంది. అందుకని ముంచే ముందు ఆ భాగానికీ ఇరుసు రంధ్రానికీ గోళ్ల రంగు పూసి కాపాడతారు.

ధూళి

ఈ పనిలో మనిషికి అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది చాకు పదును కాదు, గాలిలో తేలే పొడి. రాళ్ల నుంచి వచ్చే సిలికా ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా మచ్చలు పెడుతుంది. జి10, కార్బన్ ఫైబర్ సూదుల్లాంటి ముక్కలై చర్మంలో, గొంతులో దిగుతాయి. చిప్ప పొడి శ్వాసనాళాలను మండిస్తుంది. కొకోబోలో లాంటి రోజ్‌వుడ్‌లకు మొదట్లో ఏమీ అనిపించకపోయినా కొంతమందికి క్రమంగా అలర్జీ ముదురుతుంది. పాత పెయింటు పొరల్లో, సర్క్యూట్ బోర్డుల టంకంలో సీసం ఉండొచ్చు. గుడ్డ మాస్కు వీటిని ఆపదు. పి100 ఫిల్టర్లున్న (అతి సన్నటి పొడిని కూడా ఆపే రకం), ముఖానికి అంటుకుని ఉండే రెస్పిరేటర్ కావాలి, వీలైన చోటల్లా నీళ్లతో తడి చేసి రుద్దాలి, ధూళిని పుట్టిన చోటే లాగేసే యంత్రం ఉండాలి.

టైటానియం, జిర్కోనియం పొడికి నిప్పు అంటుకుంటుంది. అదే గ్రైండర్ మీద ఉక్కు రుద్దితే ఎగిరిన నిప్పురవ్వ కింద పోగైన టైటానియం పొడిలో పడడం చాలు. ఆ మంట మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి ఇంకా రెచ్చిపోతుంది. పొడి ఇసుక బకెట్టు పక్కనే ఉండాలి, ఉక్కుకు మారే ముందు గ్రైండర్ కింద ఊడ్చేయాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి

కొత్తగా నేర్చుకునేవాళ్లకు నా సలహా ఇంట్లో చేసుకోగల మైకార్టా. పాత నూలు చొక్కానో జీన్సునో ఒకే కొలత ముక్కలుగా కత్తిరించండి. నిదానంగా గట్టిపడే ఎపాక్సీని ఒక్కో ముక్కకు పూర్తిగా పట్టించి ఒకదాని మీద ఒకటి పేర్చండి. పైనా కిందా పాలిథిన్ కాగితం వేసి, రెండు చదునైన చెక్కల మధ్య క్లాంపులతో నొక్కండి. మరీ గట్టిగా నొక్కితే రెసిన్ అంతా బయటికి కారి లోపల పొరలు పొడిగా మిగులుతాయి. ఒక రోజు ఆగి క్లాంపులు తీసి, పూర్తిగా గట్టిపడడానికి ఇంకొన్ని రోజులు పక్కన పెట్టండి. కోసేటప్పుడు ఏటవాలుగా కోస్తే పొరలు అలలుగా తేలతాయి.

పిడి పలకలను రివెట్‌తో కాకుండా స్క్రూలతో బిగించుకోండి. లైనర్లు, స్ప్రింగు, బ్లేడు బిగించిన చాకును ఈ పలకలతోనే కొన్ని నెలలు వాడండి. ఎండాకాలం, వానాకాలం రెండూ దాటనివ్వండి. బ్లేడు మధ్యలో ఉందా, స్ప్రింగు అంచు సమానంగా నిలిచిందా చూసుకుంటూ, అవసరమైతే విప్పి సరిచేయండి. దాచుకున్న దంతం ముక్క కూడా ఆ కాలమంతా అదే గదిలో ఉండాలి. తర్వాత మైకార్టా పలకను నమూనాగా పెట్టి దంతం మీద గీత గీసుకోవచ్చు, రంధ్రాల కొలతలు కూడా అందులోనే సిద్ధంగా ఉంటాయి.